మన కథ ఐచ్ఛిక పేపరులో ఉంది



లా చదివే పిల్లలున్న ఇళ్ళలో ఏటా ఒక చర్చ నడుస్తుంది. చివరి ఏళ్ళకు వచ్చిన పిల్లలు ఏ ఎలెక్టివ్ తీసుకోవాలి, డిసర్టేషన్‌కు ఏ అంశం పెట్టుకోవాలి అని అడుగుతారు. ఇంట్లోవాళ్ళు "ఏది తేలికైతే అది తీసుకోమ్మా, మార్కులు వస్తాయి" అంటారు. సీనియర్లు "కార్పొరేట్ లా తీసుకో, ఉద్యోగం వస్తుంది" అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే మనలా తెలుగు రాష్ట్రాల బయట తరతరాలుగా ఉంటున్నవాళ్ళకు ఈ ఎంపికలో ఇంకో సంగతి కూడా ఉంది. అది అర్థం కావాలంటే ఈ ఐచ్ఛిక పేపర్లు, సొంత పరిశోధన అనేవి లా చదువులోకి ఎలా వచ్చాయో కొంత చరిత్ర చెప్పాలి. పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి.

ఎంపిక ఎక్కడ మొదలైంది

1869లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చార్లెస్ ఎలియట్ అధ్యక్షుడయ్యాడు. విద్యార్థి ఏం చదవాలో కొంతవరకు విద్యార్థే ఎంచుకోవాలని గట్టిగా వాదించినవాడు. 1870లో ఆయన క్రిస్టఫర్ లాంగ్‌డెల్‌ను లా స్కూలు డీన్‌గా తెచ్చాడు. లాంగ్‌డెల్ 1871లో కాంట్రాక్టుల మీద తీర్పులు ఎంచి కూర్చి ఒక పుస్తకం వేసి, పాఠం దానితోనే చెప్పాడు. అంతకుముందు గురువు సూత్రం చెబితే శిష్యుడు వల్లె వేసేవాడు. ఇప్పుడు శిష్యుడే తీర్పు చదివి సూత్రం బయటికి తీయాలి. 1887లో అక్కడి విద్యార్థులే నడిపే న్యాయ పత్రిక మొదలైంది. పరీక్ష రాసి వెళ్ళిపోయే పిల్లవాడు కూడా చట్టం గురించి కొత్త మాట చెప్పగలడని అప్పటికి ఒప్పుకున్నారన్నమాట.

ఆ దారిలోనే మొదటి ఏడాది అందరికీ ఒకే పాఠాలు, ఆపైన ఎక్కువగా ఎంపిక అనే పద్ధతి అమెరికా అంతటా స్థిరపడింది. అక్కడి బార్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం మొదటి ఏడాది తర్వాత ప్రతి విద్యార్థీ అధ్యాపకుడి పర్యవేక్షణలో కనీసం ఒక గట్టి రచన చేయాలి. ఒక ప్రొఫెసరును ఒప్పించి, తనకు నచ్చిన ప్రశ్న మీద ఒక సెమిస్టరు పాటు ఒంటరిగా పనిచేసి, దానికి క్రెడిట్లు పొందే వీలు కూడా చాలా లా స్కూళ్ళలో ఉంటుంది.

మన దగ్గర ఏం జరిగింది

మద్రాసు లా కాలేజీ 1891లో ఏర్పడింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల నుంచి వకీళ్ళు కాదలచినవాళ్ళు చాలామంది అక్కడికి వచ్చేవారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టి మద్రాసులో స్థిరపడి, రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అక్కడ చదివారు. రాజమండ్రిలో పుట్టి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు కూడా అక్కడే. అంతటి మనుషుల్ని తయారు చేసినా, ఆనాటి బి.ఎల్. చదువు ముఖ్య ఉద్దేశం కోర్టులో నిలబడగలిగే వకీలును తయారు చేయడం. ఒప్పందాలు, ఆస్తి, హిందూ లా, సాక్ష్యం, ప్రొసీజర్ వస్తే చాలు. నీకు ఏ ప్రశ్న తోస్తోంది అని విద్యార్థిని అడిగే చోటు అందులో పెద్దగా లేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1961లో అడ్వొకేట్స్ చట్టం వచ్చింది, న్యాయవిద్య ప్రమాణాలు చూసే బాధ్యత బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వచ్చింది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయం లా చదువును తిరగరాయడానికి గజేంద్రగడ్కర్ గారి అధ్యక్షతన కమిటీ కూర్చుంది.

ఆ కాలంలోనే జరిగిన ఒక సంఘటన మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. 1965 ఫిబ్రవరిలో డీట్రిష్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు బనారస్ హిందూ విశ్వవిద్యాలయం లా విభాగంలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి పైకి రాయకపోయినా లోపల హద్దులుంటాయా అన్నది ఆయన ప్రశ్న. ఆనాటికి అది ఏ సిలబస్‌లోనూ లేదు. ఆ ప్రసంగ పాఠం సీనియర్ లాయరు ఎం.కె. నంబియార్ చేతికి చేరింది. ఆయన దాన్ని గోలక్‌నాథ్ కేసులో, మన సుబ్బారావు గారు అధ్యక్షత వహించిన ధర్మాసనం ముందు వాడారు. 1967 ఫిబ్రవరి 27న 6-5 మెజారిటీతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని తీర్పు వచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూర్చుని గోలక్‌నాథ్‌ను పక్కన పెట్టారు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం మార్చకూడదని 7-6తో తేల్చారు. ఒక లా కాలేజీ హాలులో, పరీక్షకు పనికిరాని ప్రశ్నగా మొదలైనది ఎనిమిదేళ్ళలో దేశ రాజ్యాంగానికి కాపలా అయింది.

1986 నాటి కర్ణాటక చట్టంతో బెంగళూరులో నేషనల్ లా స్కూలు ఏర్పడింది. మాధవ మీనన్ గారి నాయకత్వంలో 1988లో ఐదేళ్ళ కోర్సు మొదటి బ్యాచ్ చేరింది. అక్కడ దాదాపు ప్రతి సబ్జెక్టుకూ విద్యార్థి ఒక పరిశోధన పత్రం రాసి, అధ్యాపకుడి ముందు కూర్చుని సమర్థించుకోవాలి. పై తరగతుల్లో సెమినార్లు, ఎలెక్టివ్‌లు ఉంటాయి. 2009 నుంచి 2019 వరకు ఆ సంస్థకు వైస్ చాన్సలర్‌గా ఉన్న ఆర్. వెంకటరావు గారు ఆంధ్రా యూనివర్సిటీ నుంచి వచ్చినవారన్నది మనవాళ్ళకు తెలిసిందే. 1998లో హైదరాబాదులో నల్సార్, తర్వాత విశాఖ, కటక్, తిరుచ్చి, ముంబయి, ఇలా ఒక్కో రాష్ట్రంలో లా యూనివర్సిటీలు వచ్చాయి.

మామూలు లా కాలేజీలకు కూడా వర్తించే పెద్ద మార్పు బార్ కౌన్సిల్ 2008 న్యాయవిద్య నియమావళి. అందులో తప్పనిసరి పేపర్లు, ప్రాక్టికల్ పేపర్లు పోగా కనీసం ఆరు ఐచ్ఛిక పేపర్లు ఉండాలన్నారు. వాటిని గ్రూపులుగా పెట్టారు: రాజ్యాంగం, వ్యాపారం, అంతర్జాతీయ వాణిజ్యం, నేరశాస్త్రం, అంతర్జాతీయ న్యాయం, వ్యవసాయం, మేధోసంపత్తి. ఆనర్స్ చేసేవాళ్ళకు ఒక గ్రూపులో ఇంకా లోతుగా వెళ్ళే వీలుంది. కాగితం మీద ఇంత ఉన్నా, చెప్పే అధ్యాపకులు లేక చాలా కాలేజీలు రెండు మూడు పేపర్లే ఇస్తాయి. అలాంటప్పుడు పిల్లవాడికి మిగిలే దారి డిసర్టేషన్, ప్రాజెక్టు, ఒక టీచరును పట్టుకుని చేసే సొంత పరిశోధన.

తప్పనిసరి పేపరులో ఒక లైను, మన ఇంట్లో ఒక జీవితం

ఇక అసలు విషయం. మనకు సంబంధించిన కేసులు లా పుస్తకాల్లో లేవా అంటే, ఉన్నాయి. తప్పనిసరి పేపరులో అవి ఒక సూత్రంగా, ఒక లైనుగా వచ్చి వెళ్ళిపోతాయి. వాటి వెనక ఉన్న ఊరు, మనుషులు, భాష అక్కడ కనిపించవు. ఒక్కో రాష్ట్రం చొప్పున చూడండి.

ఒడిశా. దేశంలో ఏ లా విద్యార్థిని అడిగినా "కలరబుల్ లెజిస్లేషన్" అంటే కె.సి. గజపతి నారాయణ దేవ్ కేసు, 1953 అని చెబుతారు. శాసనసభ తనకు లేని అధికారాన్ని మారువేషంలో వాడిందా అన్నది అందులో ప్రశ్న. ఆ గజపతి ఎవరో కాదు, పర్లాకిమిడి మహారాజు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ పట్టణం మద్రాసు నుంచి అటు వెళ్ళింది. వ్యవసాయ ఆదాయ పన్ను పెంచడంలో అసలు ఉద్దేశం జమీందారీ రద్దు పరిహారాన్ని తగ్గించడమేనని ఆయన వాదించారు, ఓడిపోయారు. చట్టం చేసే అధికారం ఉంటే ఉద్దేశాన్ని కోర్టు చూడదని తీర్పు. సరిహద్దు మారాక కూడా గంజాం, కొరాపుట్ వైపు 1908 మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం నడుస్తూనే ఉండేది. అక్కడి తెలుగు రైతులు ఏ పట్టా, ఏ భాషలో పట్టుకుని ఏ కోర్టుకు వెళ్ళారన్నది వ్యవసాయ గ్రూపులో ఒక డిసర్టేషన్‌కు సరిపోయే ప్రశ్న.

మహారాష్ట్ర. 1990 నాటి మర్రి చంద్రశేఖరరావు కేసు. తెనాలిలో పుట్టిన కుర్రవాడు. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపున్న కుటుంబం. తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళి, అక్కడ మెడికల్ సీటుకు ఆ గుర్తింపు అడిగాడు. ఆ జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికేనని సుప్రీంకోర్టు చెప్పింది. మనలో ఎన్ని ఇళ్ళలో సర్టిఫికెట్ కోసం తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం ఇక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. 2004లో ఉషా మెహతా కేసులో గుజరాతీ అల్పసంఖ్యాకుల స్కూళ్ళు మరాఠీ తప్పనిసరి చేయడాన్ని సవాలు చేస్తే కోర్టు ఒప్పుకోలేదు. ఉంటున్న రాష్ట్ర భాష నేర్వడం బతుకుకు అవసరమంది. షోలాపూర్‌లో మగ్గం, బీడీ పనుల్లో తరాలు గడిపిన మన పద్మశాలి కుటుంబాల మీద 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఎలా పనిచేసిందన్నది ఇంకో మంచి ప్రశ్న.

కర్ణాటక. గోకాక్ కమిటీ నివేదిక తర్వాత 1982లో కన్నడను హైస్కూలులో ఏకైక ప్రథమ భాషగా చేస్తూ ఉత్తర్వు వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల సంఘం ఒకటి హైకోర్టుకు వెళ్ళింది. 1989 జనవరిలో పూర్తి ధర్మాసనం ఆ ఉత్తర్వు అల్పసంఖ్యాకుల హక్కులకు భంగమంది. మార్చి ఇచ్చిన తర్వాతి ఉత్తర్వును 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2014 మే 6న అయిదుగురు న్యాయమూర్తులు, పిల్లవాడి మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులేననీ, ప్రాథమిక తరగతుల్లో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దలేదనీ చెప్పారు. మణిపాల్ నుంచి వెళ్ళిన టి.ఎం.ఎ. పాయ్ కేసులో 2002 అక్టోబరు 31న 11 మంది న్యాయమూర్తులు, భాషా అల్పసంఖ్యాకులు ఎవరన్నది రాష్ట్రాన్ని లెక్కగా తీసుకుని చూడాలన్నారు. కోట్ల మంది మాట్లాడే తెలుగు కోలారులో, బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో అల్పసంఖ్యాక భాష అయ్యేది ఆ లెక్క మీదే.

తమిళనాడు. 2006 తమిళ అభ్యసన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి వెళ్ళింది. ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి పరీక్షలో తమిళం తప్పనిసరైంది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళం మాధ్యమంలో చదివినవాళ్ళ తరఫున పిటిషన్లు పడ్డాయి, కోర్టులు కాలపరిమితితో మినహాయింపులు ఇచ్చాయి. ఇలా మినహాయింపు వచ్చిన ప్రతిసారీ మనం సంతోషిస్తాం. తమిళం చెప్పే టీచరు ఆ స్కూళ్ళకు నిజంగా వచ్చారా, తెలుగు టీచరు రిటైరైతే ఆ పోస్టు నిండిందా అని స్కూలు స్కూలుకూ తిరిగి లెక్క రాస్తే, తర్వాతిసారి కోర్టులో చూపడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

యానాం. ఇది అన్నిటికంటే రుచికరమైన కథ. 1929 శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో పెళ్ళికి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు ఉండాలంది. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో ఫ్రెంచి యానాం. ఆ చట్టం యానాంలో చెల్లదు. చుట్టుపక్కల నుంచి పెళ్ళిబృందాలు అక్కడికి తరలివెళ్ళి బాల్యవివాహాలు చేసుకొచ్చేవి. ఫ్రెంచి పాలనలో 1881 సెప్టెంబరు 21 డిక్రీ ఇంకో తలుపు తెరిచింది. ఎవరైనా తమ కులమత ఆచార చట్టాన్ని వదులుకుంటున్నామని రాసిస్తే వాళ్ళకు ఫ్రెంచి పౌరస్మృతి వర్తించేది. అలా రాసిచ్చినవాళ్ళను రెనోన్‌సాన్లు అనేవారు. 1954లో పాలన భారత్‌కు వచ్చింది, 1962లో చట్టరీత్యా విలీనం పూర్తయింది, 1968 చట్టంతో భారతీయ చట్టాలు అనేకం అక్కడికి విస్తరించాయి. అయినా ఆ కుటుంబాల పెళ్ళి, వారసత్వ విషయాల్లో పాత స్మృతి ప్రశ్నలు తర్వాత కూడా కోర్టులకు వచ్చాయి. పుదుచ్చేరిలో 1838లో పుట్టిన ఫ్రెంచి లా స్కూలే నేటి ప్రభుత్వ లా కాలేజీకి మూలం. ఫ్రెంచి పత్రం, తెలుగు ఇంటిపేరు, భారత కోర్టు కలిసే ఈ అంశాన్ని తెలుగు చదవగలిగిన విద్యార్థి తప్ప ఇంకెవరు సరిగా రాయగలరు?

పరిశోధనకు సరుకు ఎక్కడుంది

రాజ్యాంగంలో 29, 30 అధికరణలు అందరికీ తెలుసు. రాష్ట్రాల పునర్విభజన తర్వాత 1956లో ఏడో సవరణతో 350ఎ, 350బి చేరాయి. మొదటిది ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన వసతి కల్పించాలంటుంది. రెండోది భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉండాలంటుంది. 1957 జులైలో ఆ కార్యాలయం ఏర్పడింది. దాని వార్షిక నివేదికలు పార్లమెంటు ముందు పెట్టినవే. ఒక తరగతిలో 10 మంది గానీ స్కూలు మొత్తంలో 40 మంది గానీ ఉంటే ఆ భాషా టీచరును ఇవ్వాలన్న 1949 నాటి సూత్రం, 15 నుంచి 20 శాతం జనం ఒక భాష మాట్లాడే తాలూకాల్లో ముఖ్య నోటీసులు ఆ భాషలో కూడా వేయాలన్న సూత్రం ఏ రాష్ట్రంలో ఎంత నడిచాయో వాటిలో వెతకవచ్చు.

వాటి పక్కన జనాభా లెక్కల సి-16 మాతృభాష పట్టిక పెట్టాలి. సమాచార హక్కు చట్టం కింద విద్యాశాఖను అడగాలి, 30 రోజుల్లో జవాబివ్వాలి. వీటన్నిటికీ పైన, ఏ లైబ్రరీలోనూ దొరకనిది మన దగ్గరే ఉంది. సంఘాల మినిట్స్ పుస్తకాలు, పాత స్కూలు రిజిస్టర్లు, ట్రస్టు దస్తావేజులు, మంత్రులకు పెట్టిన వినతిపత్రాల నకళ్ళు, వచ్చిన జవాబులు. కోర్టులో న్యాయమూర్తి "మీ పిల్లలు ఎంతమంది, ఏ ఏడాది ఎంత తగ్గారు" అని అడిగితే జవాబు ఆ ట్రంకుపెట్టెల్లోనే ఉంది. వాటిలో కొన్నిటికి చెదలు పడుతున్నాయి, కొన్ని ఇల్లు మారినప్పుడు పాత కాగితాల వాడికి పోతున్నాయి.

ఒక హెచ్చరిక కూడా. పరిశోధన అంటే సంఘం తరఫున వకాల్తా కాదు. ఉషా మెహతా తీర్పులో ప్రభుత్వ వాదనకు బలం ఎందుకుందో, మన ఇళ్ళలోనే తెలుగు మీడియం వదిలి ఇంగ్లీషుకు ఎందుకు వెళ్ళామో కూడా పిల్లలు రాయాలి. తరగతిలో 10 మంది లేక తెలుగు సెక్షన్ మూతపడితే అందులో ప్రభుత్వం వాటా ఎంత, మన వాటా ఎంత అని తేల్చాలి. మనకు నచ్చని నిజం దొరికినా దాన్ని అచ్చువేయనివ్వాలి. అలా రాసినదాన్నే కోర్టు నమ్ముతుంది, పక్క భాషవాళ్ళు కూడా గౌరవిస్తారు.

సంఘం చేయగలిగింది

నా వైపు నుంచి నాలుగు సూచనలు. ఒకటి, సంఘం దగ్గర ఉన్న కాగితాలన్నీ స్కాన్ చేయించి, ఒక జాబితా రాయించి, లా విద్యార్థి ఎవరడిగినా చూసుకోనివ్వాలి. రెండు, ఏటా ఒకరిద్దరు విద్యార్థులకు మన అంశం మీద డిసర్టేషన్ రాయడానికి ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. శాలువాలు, దండల ఖర్చులో కొంత తగ్గించినా ఇది సాధ్యమే. మూడు, మనలో ఉన్న రిటైర్డ్ టీచర్లు, లాయర్లు, రెవెన్యూ ఉద్యోగులు పిల్లలకు ఒక గంట కూర్చుని జరిగింది చెప్పాలి. వాళ్ళ జ్ఞాపకం కూడా సాక్ష్యమే. నాలుగు, పూర్తయిన ప్రతి పరిశోధన ప్రతి ఒకటి సంఘానికి వచ్చి, దాని సారాంశం తెలుగులో సభ్యులకు అందాలి.

పిల్లలకు ఒక మాట. కార్పొరేట్ లా తీసుకోండి, పేటెంట్లు చదవండి, మంచి ఉద్యోగాలు చేయండి. ఉన్న ఆరు ఐచ్ఛిక పేపర్లలో ఒకటి, లేదా ఒక్క డిసర్టేషన్ మాత్రం మీరు పుట్టి పెరిగిన ఊరి ప్రశ్న మీద పెట్టండి. తెలుగు చదవగలగడం, కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడగలగడం, ఇంగ్లీషులో వాదించగలగడం, ఈ మూడూ కలిసిన విద్యార్థులు దేశంలో ఎక్కువమంది లేరు. మీ అవ్వాతాతలు ఊరు మారి ఇచ్చిన ఆస్తి అది.

మీ ఇంట్లో లా చదివే పిల్లలుంటే ఈ పోస్టు చూపించండి. మీ దగ్గర పాత స్కూలు రిజిస్టర్లు గానీ, సంఘం కాగితాలు గానీ ఉంటే పారేయకండి, కార్యదర్శికి ఒక్క మాట చెప్పండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు సూచనలు అజెండాలో పెట్టించే ప్రయత్నం చేస్తాను. పెద్దలు తమ అభిప్రాయం రాయండి.